ఓడలో ఊసరవెల్లి ఏమి తిన్నది?

నోవహు ఓడ కథ మీలో చాలామంది వినే ఉంటారు. లోకంలో దౌర్జన్యం పెచ్చుపెరిగిపోగా దేవుడు జలప్రళయం రప్పించదలచాడు. నీతిమంతుడైన నోవహును మాత్రం ముందే హెచ్చరించి, ఒక ఓడ కట్టుకొమ్మన్నాడు. నోవహు ఓడ కట్టి, తన కుటుంబాన్నీ, జంతువులనూ, పక్షులనూ అందులోకి ఎక్కించాడు. నలభై పగళ్ళు, నలభై రాత్రులు వాన కురిసింది. కువైట్‌లో మీ ఇరుగుపొరుగు పిల్లలు ఇదే కథను చెప్పేటప్పుడు నోవహును నూహ్ అంటారు.

ఈ కథ బైబిలులో ఆదికాండంలో ఉన్నది. అందులో ఓడ కొలతలు కచ్చితంగా ఉన్నాయి: పొడవు 300 మూరలు, వెడల్పు 50 మూరలు, ఎత్తు 30 మూరలు. లోపల ఎన్ని అంతస్తులు, తలుపు ఎక్కడ, పగుళ్ళకు ఏమి పూయాలి, అన్నీ చెప్పారు. వాన మొదలైన తేదీ, నేల ఆరిన తేదీ కూడా చెప్పారు. లెక్క వేస్తే వాళ్ళు ఓడలో ఉన్నది ఏడాదికి పైగా. కాని ఆ ఏడాదంతా ఆ జంతువులన్నిటికీ మేత ఎవరు వేశారు? సింహం ఏమి తిన్నది? గుడ్లగూబకు ఎప్పుడు పెట్టారు? వీటిని గురించి గ్రంథంలో ఏమీ లేదు. ఆహారం కూర్చుకొమ్మని దేవుడు చెప్పిన ఒక్క మాట తప్ప.

చిన్నపిల్లలు అడిగే ప్రశ్న ఇది. పెద్దలు సాధారణంగా దీన్ని తోసిపుచ్చుతారు. కాని యూదుల పండితులు తోసిపుచ్చలేదు. కూర్చుని ఆలోచించారు, జవాబుగా ఒక కథ చెప్పారు.

ఆ కథలో నోవహు కుమారుడు షేము చాలాకాలం తరువాత ఆ రోజులను తలచుకొని చెబుతాడు. ఓడలో మాకు కంటిమీద కునుకు లేదు, అంటాడు. పగలు తినే జంతువుకు పగలు పెట్టాలి, రాత్రి తినేదానికి రాత్రి పెట్టాలి. ఊసరవెల్లి ఏమి తింటుందో మాత్రం నాన్నకు తెలియలేదు. ఏది పెట్టినా ముట్టదు. ఒకనాడు నాన్న దానిమ్మపండు కోస్తుంటే అందులోనుంచి ఒక పురుగు కింద పడింది. ఊసరవెల్లి దాన్ని చటుక్కున మింగింది. అప్పటినుంచి నాన్న తవుడు పిసికి పెట్టి, అది పురుగు పట్టేదాకా ఉంచి, ఆ పురుగులను దానికి పెట్టాడు.

అదే కథలో ఇంకొక పక్షి ఉంది. అది ఓడలో ఒక మూల ముడుచుకొని పడుకున్నది. నీకు ఆకలి లేదా, అని నోవహు అడిగాడు. మీరు ఊపిరి సలపకుండా పని చేస్తున్నారు, మిమ్మల్ని ఇంకా ఇబ్బంది పెట్టడం ఎందుకని ఊరుకున్నాను, అన్నదట ఆ పక్షి. నోవహు మనసు కరిగింది. నీకు చావు లేకుండుగాక అని దీవించాడు. మరొక కథలో, సింహానికి మేత ఆలస్యం కాగా అది నోవహును కొట్టిందనీ, అందుచేత ఆయన కుంటివాడయ్యాడనీ ఉన్నది. లోకాన్ని రక్షించిన మహాపురుషుడు ఈ కథల్లో గొడ్ల చావడిలో పాలేరులాగా పని చేస్తాడు. నాకు ఈ నోవహే ఎక్కువ ఇష్టం.

యూదుల సాహిత్యంలో ఇలాంటి కథలు వేలకొద్దీ ఉన్నాయి. మూలగ్రంథం మౌనంగా వదిలిన చోటును వెతికి, ప్రశ్న వేసి, జవాబు చెప్పే ఈ పద్ధతికి హీబ్రూ భాషలో మిద్రాష్ అని పేరు. ఆ మాటకు ధాతువు 'వెతకడం, విచారించడం' అనే అర్థం గలది. ధర్మశాస్త్ర నియమాలు కాక, కథలుగా, నీతులుగా చెప్పినవాటిని అగ్గదా అంటారు. అగ్గదా అంటే చెప్పడం. చెప్పినవారు రబ్బీలు, అనగా గురువులు. మొదట ఇవి ప్రార్థనా మందిరాలలోనూ, పాఠశాలలలోనూ నోటిమాటగా నడిచాయి. తరువాత గ్రంథాలకు ఎక్కాయి. ఆదికాండానికి సంబంధించిన బెరేషీత్ రబ్బా అనే పెద్ద సంకలనం సుమారు 5వ శతాబ్దంలో పాలస్తీనా ప్రాంతంలో కూర్చబడింది. ఊసరవెల్లి కథ బాబిలోనియా తల్మూదు అనే మహాగ్రంథంలోనిది. ఈ తల్మూదు సుమారు 6వ శతాబ్దం నాటికి ఒక రూపానికి వచ్చింది. ఎక్కడనుకున్నారు? కువైట్‌కు ఉత్తరపు సరిహద్దు దాటితే వచ్చే ఇరాక్ దేశంలోనే. యూఫ్రటీసు నదీతీరంలోని సూరా, పుంబెదితా అనే చోట్ల ఆనాడు గొప్ప విద్యాలయాలు ఉండేవి.

ఈ పని మనకు కొత్త కాదు. రాముడితో పాటు లక్ష్మణుడు పద్నాలుగేళ్ళు అడవికి పోయాడు గదా, అతని భార్య ఊర్మిళ ఆ పద్నాలుగేళ్ళు ఏమి చేసింది? వాల్మీకి చెప్పలేదు. మన తెలుగు స్త్రీలు అడిగారు. ఆమె భర్త నిద్రను కూడా తానే తీసుకొని పద్నాలుగేళ్ళూ నిద్రపోయిందని 'ఊర్మిళాదేవి నిద్ర' అనే పాట కట్టుకొని పాడుకున్నారు. సేతువు కట్టేటప్పుడు ఇసుక మోసిన ఉడుత వాల్మీకి రామాయణంలో లేదు, మన రంగనాథ రామాయణంలో ఉంది. 1957లో వచ్చిన 'మాయాబజార్' సినిమా చూసినవారికి శశిరేఖ బాగా తెలుసు. వ్యాసభారతమంతా వెతికినా ఆమె కనబడదు. రబ్బీల నోవహు దగ్గర ఊసరవెల్లి, మన రాముడి దగ్గర ఉడుత. పెద్ద కథలో చిన్న ప్రాణికి చోటు లేదంటే వినేవాళ్ళు ఒప్పుకోరు.

ఇక అబ్రాహాము కథకు వద్దాం. యూదులకు ఆయన మూలపురుషుడు. క్రైస్తవులకు విశ్వాసులందరికీ తండ్రి. ముస్లిములకు ఇబ్రాహీం ప్రవక్త. అయితే ఆదికాండం ఆయన బాల్యం గురించి ఒక్క వాక్యం కూడా చెప్పదు. తండ్రి తెరహు, తమ్ముళ్ళు నాహోరు, హారాను, పుట్టినది కల్దీయుల 'ఊరు' అనే పట్టణం. హారాను తండ్రి బతికి ఉండగానే చనిపోయాడు. వెంటనే దేవుడి పిలుపు వస్తుంది, నీ దేశం విడిచి బయలుదేరమని. అప్పటికి అబ్రాహాముకు డెబ్భై అయిదేళ్ళు! ఇన్ని కోట్లమంది గౌరవించే మనిషికి డెబ్భై అయిదేళ్ళ జీవితం ఖాళీ. ఎందరిలోనో ఈయననే దేవుడు ఎందుకు పిలిచాడు? కొడుకు తండ్రికన్నా ముందు ఎందుకు పోయాడు?

ఇక్కడ ఒక మాటల చమత్కారం ఉంది. తెలుగు బైబిలులో ఆ పట్టణం పేరు 'ఊరు'. మనకు ఊరంటే ఊరే. 'ఊరు అనే ఊరు' అని నవ్వుకుంటాం. కాని హీబ్రూలో 'ఊర్' అంటే అగ్ని అనే అర్థం కూడా వస్తుంది. అప్పుడు దేవుడు అబ్రాహామును కల్దీయుల ఊరులోనుంచి తీసుకువచ్చాడన్న మాటను, కల్దీయుల అగ్నిలోనుంచి తీసుకువచ్చాడని కూడా చదవవచ్చు గదా! ఏ అగ్ని? ఎవరు వేశారు? ఆ ఒక్క పదం నుంచి పెద్ద కథ పుట్టింది. బెరేషీత్ రబ్బాలో అది ఇలా ఉన్నది.

తెరహు విగ్రహాల వ్యాపారి. అల్ రాయ్ శుక్రవారపు సంతలో వరుసగా దుకాణాలు చూసి ఉంటారు. అలాంటి దుకాణం ఒకటి ఊహించుకోండి. ఒకనాడు తెరహు ఏదో పనిమీద వెళ్తూ కొడుకును దుకాణంలో కూర్చోబెట్టాడు. ఒక మనిషి విగ్రహం కొనడానికి వచ్చాడు. మీ వయసెంత, అని అడిగాడు అబ్రాహాము. అరవై, అన్నాడతను. అరవై ఏళ్ళ పెద్దమనిషి ఒక్కరోజు వయసున్న బొమ్మకు మొక్కుతాడా, అన్నాడు కుర్రవాడు. వచ్చినవాడు సిగ్గుపడి వెళ్ళిపోయాడు. బేరం చెడిపోయింది!

తరువాత ఒక స్త్రీ పళ్ళెంలో పిండి తెచ్చి, దేవుళ్ళకు నైవేద్యం పెట్టమని ఇచ్చి వెళ్ళింది. అబ్రాహాము ఒక కర్ర తీసుకొని విగ్రహాలన్నిటినీ పగులగొట్టి, ఆ కర్రను వాటిలో అన్నిటికన్నా పెద్దదాని చేతిలో పెట్టాడు. తెరహు తిరిగి వచ్చి లబోదిబోమన్నాడు. నేనేం చేసేది నాన్నా, పిండి పెట్టగానే నేను ముందు తింటానంటే నేను ముందు తింటానని పోట్లాడుకున్నారు, ఆ పెద్దాయన కర్ర తీసుకొని అందరినీ కొట్టాడు, అన్నాడు కొడుకు. నన్ను వెక్కిరిస్తున్నావా, వాటికేం తెలుస్తుంది, అని తండ్రి మండిపడ్డాడు. ఇప్పుడు మీ నోటితో అన్న మాట మీ చెవితో వినండి, అన్నాడు అబ్రాహాము.

తండ్రి కొడుకును నిమ్రోదు రాజు దగ్గరికి లాక్కుపోయాడు. అగ్నికి మొక్కు, అన్నాడు రాజు. అగ్నిని ఆర్పేది నీళ్ళు గదా. అయితే నీళ్ళకు మొక్కు. నీళ్ళను మోసేది మబ్బు. అయితే మబ్బుకు మొక్కు. మబ్బును చెదరగొట్టేది గాలి. అయితే గాలికి మొక్కు. గాలిని బిగబట్టి నిలిచేవాడు మనిషి. రాజుకు కోపం వచ్చి అతన్ని అగ్నిగుండంలో వేయించాడు. తమ్ముడు హారాను పక్కన నిలబడి లెక్క వేసుకుంటున్నాడు: అన్న గెలిస్తే అన్న పక్షం, రాజు గెలిస్తే రాజు పక్షం. అబ్రాహాము క్షేమంగా బయటికి వచ్చాడు. నువ్వెవరి పక్షమని అడిగితే, అన్న పక్షమన్నాడు హారాను. అతన్నీ అగ్నిలో వేశారు. అతను కాలిపోయాడు. తండ్రి బతికి ఉండగా కొడుకు ఎందుకు పోయాడన్న ప్రశ్నకు ఇదీ జవాబు.

మనలో విగ్రహాలను పూజించే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. అందుచేత ఒక మాట చెప్పాలి. ఈ కథను ఒకరి పూజను ఎగతాళి చేయడానికి వాడుకోరాదు. భక్తుడు విగ్రహంలో ఏమి చూస్తాడో అన్న సంగతి ఈ కథ చెప్పినవారు విచారించలేదు. వారి వాదం వారిది. నన్ను ఆకట్టుకునేది ఆ కుర్రవాడు తండ్రితో మాట్లాడిన తీరు. మన ప్రహ్లాదుడిని గుర్తు తెచ్చుకోండి. అక్కడా తండ్రి మాట కాదన్న కొడుకే, అతన్నీ అగ్నిలో వేశారు, అతనూ కాలలేదు. ఆ కథలో దేవుడు స్తంభంలోనుంచి వస్తాడు. సిద్ధాంతం వేరు, కథ ఎముకలు ఒకటే.

ఈ కథ యూదుల దగ్గరే ఆగిపోలేదు. ఇబ్రాహీం విగ్రహాలను పగులగొట్టి పెద్దదాన్ని మాత్రం మిగిల్చాడనీ, అగ్నిలో వేస్తే అది ఆయనకు చల్లబడిందనీ ఖురానులో ఉన్నది. అంటే బైబిలులో లేని ఈ ఘట్టం యూదులకు మిద్రాష్‌లోనూ, ముస్లిములకు ఖురానులోనూ ఉన్నదన్నమాట. మీ పక్కింటి కువైటీ పిల్లవాడికి ఈ కథ బాగా తెలుసు. అడిగి చూడండి. తుర్కీ దేశంలో ఉర్ఫా అనే నగరంలో ఒక కొలను ఉంది. నిమ్రోదు వేసిన అగ్ని నీరుగా, నిప్పుకట్టెలు చేపలుగా మారి ఆ కొలను ఏర్పడిందని అక్కడివారు చెప్పుకొంటారు. ఆ చేపలను ఎవరూ పట్టరు. ఇక 'ఊరు' పట్టణం దక్షిణ ఇరాక్‌లో నాసిరియా దగ్గర ఉన్న పురాతన శిథిలాలేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఇటుకలతో మెట్లు మెట్లుగా కట్టిన నాలుగు వేల ఏళ్ళనాటి కోవెల దిబ్బ అక్కడ నేటికీ ఉన్నది. కువైట్ నగరం నుంచి తిన్నగా కొలిస్తే సుమారు 250 కిలోమీటర్ల దూరం.

మోషే గురించి కూడా ఒకటి చెప్పుకుందాం. దేవుడు ఫరో దగ్గరికి పొమ్మంటే, నాకు నోరు తిరగదు, నాలుక మందం అంటాడు మోషే. ఎందుకు మందం? రబ్బీల కథ ఇది. ఫరో కుమార్తె పెంచుకొంటున్న ఆ పసివాడు ఒకనాడు ఫరో కిరీటం లాక్కొని తన నెత్తిన పెట్టుకున్నాడు. వీడు నీ రాజ్యం కాజేస్తాడు, చంపించు, అన్నారు మంత్రగాళ్ళు. పసివాడికి ఏం తెలుసు, పరీక్షించి చూడండి, అన్నాడు యిత్రో. ఒక పళ్ళెంలో బంగారం, నిప్పుకణిక పెట్టారు. మన ఇళ్ళలో అన్నప్రాశన నాడు పుస్తకం, బంగారం, కత్తి పెట్టి బిడ్డ దేన్ని పట్టుకుంటుందా అని చూస్తారే, అలాగే. కాని ఇక్కడ బంగారం పట్టుకుంటే తల పోతుంది. పిల్లవాడి చెయ్యి బంగారం వైపే వెళ్ళింది. గబ్రియేలు దేవదూత ఆ చేతిని పక్కకు తోశాడు. పిల్లవాడు నిప్పు పట్టుకొని, వేళ్ళు చురుక్కుమనగానే నోట్లో పెట్టుకున్నాడు. నాలుక కాలింది, ప్రాణం దక్కింది.

ఇవన్నీ నిజంగా జరిగాయా అని మీరు అడగవచ్చు. రబ్బీలు ఒకే ప్రశ్నకు రెండు మూడు జవాబులు పక్కపక్కనే రాసి ఉంచారు. ఒకదానికొకటి పొసగకపోయినా కొట్టివేయలేదు. 12వ శతాబ్దంలో మైమొనిడీస్ అనే గొప్ప యూదు పండితుడు ఈ కథలు వినేవాళ్ళను మూడు రకాలుగా విభజించాడు. అక్షరాలా నమ్మేవారు మొదటి రకం. అక్షరాలా తీసుకొని, ఇదేం పిచ్చి అని నవ్వేవారు రెండో రకం. కథ లోపల దాచిన అర్థం కోసం వెతికేవారు మూడో రకం. వీరు చాలా కొద్దిమంది అని ఆయన బాధపడ్డాడు.

అర్థం వెతకవలసిన కథ ఒకటుంది. ఇశ్రాయేలీయులు ఐగుప్తు దాస్యం నుంచి తప్పించుకొని సముద్రం దాటారు. తరుముకొచ్చిన ఫరో సైన్యం నీళ్ళలో మునిగిపోయింది. ఒడ్డుకు చేరినవారు విజయగీతం పాడారు. ఇంతవరకు నిర్గమకాండం. ఆనాడు పరలోకంలో ఏమి జరిగిందని రబ్బీలు అడిగారు. దేవదూతలు కూడా పాట ఎత్తుకోబోయారట. దేవుడు వారించాడు. నా చేతులతో చేసిన మనుషులు సముద్రంలో మునిగి చస్తుంటే మీరు పాట పాడతారా, అని. చచ్చినవాళ్ళు శత్రువులు. పసిపిల్లలను నదిలో వేయించిన రాజ్యపు సైనికులు. ఈ కథ చెప్పుకున్నవారు ఆ దాసుల వారసులు. ఇది ఎవరో పైవాళ్ళు నేర్పిన కథ కాదు, తమ గెలుపు పాటను తామే ఒక్క క్షణం ఆపి చూసుకున్న కథ.

చివరగా ఎఫ్రాయిము సంగతి. ఇది మన తెలుగు నేలదాకా వస్తుంది.

ఎఫ్రాయిము యోసేపు కుమారుడు. అతని సంతతి ఒక గోత్రం. ఇశ్రాయేలీయులను దేవుడు దగ్గరి దారిలో కాక ఎడారి చుట్టుదారిలో నడిపించాడని నిర్గమకాండంలో ఉన్నది. వేరొక గ్రంథంలో, గాతు ఊరివారు ఎఫ్రాయిము కుమారులను చంపారని ఒక మాట ఉన్నది. రబ్బీలు ఈ రెంటినీ కలిపి కుట్టారు. ఎఫ్రాయిము గోత్రంవారు విడుదల కాలాన్ని తప్పుగా లెక్కవేసి ముప్ఫై ఏళ్ళు ముందే బయలుదేరారు. దారిలో గాతువారి చేతుల్లో చనిపోయారు. వారి ఎముకలు ఆ దారివెంట గుట్టలుగా పడి ఉన్నాయి. తరువాత వచ్చేవారు వాటిని చూసి గుండె చెదరి వెనక్కి తిరుగుతారేమోనని దేవుడు చుట్టుదారి పట్టించాడు.

ఆ గోత్రంలో మిగిలినవారి సంగతి? క్రీస్తుకు పూర్వం 722 ప్రాంతంలో అష్షూరు రాజ్యం ఉత్తర ఇశ్రాయేలును జయించి ఆ గోత్రాలవారిని దూరదేశాలకు తరలించింది. ఆ తరువాత వారేమయ్యారో బైబిలు చెప్పదు. ఆ మౌనంలో నుంచి లోకమంతటా ఎన్నో కథలు పుట్టాయి. అందులో ఒకటి తెలుగు కథ. గుంటూరు జిల్లాలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెం అనే ఊరుంది. అక్కడ కొన్ని కుటుంబాలవారు తమను బెనే ఎఫ్రాయిము, అంటే ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకొంటారు. తరతరాలుగా అంటరానితనం భరించిన మాదిగ కుటుంబాలు ఇవి. కొంతకాలం క్రైస్తవులుగా ఉన్నారు. 1980ల చివరి నుంచి యూదుమతాన్ని బహిరంగంగా ఆచరిస్తున్నారు. 1990ల ఆరంభంలో అక్కడ ప్రార్థనా మందిరం ఏర్పడింది. తమ పూర్వులు పశ్చిమాసియా నుంచి బయలుదేరి, ఉత్తర భారతం మీదుగా తెలుగు నేలకు చేరారని వారి పెద్దలు చెబుతారు. చరిత్రకారులకు దీనికి తగిన ఆధారాలు దొరకలేదు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ అనే పరిశోధకులు ఆ ఊరికి వెళ్ళి, వారితో మాట్లాడి, 2013లో ఒక పుస్తకం ప్రచురించారు.

వారు ఇంట్లో మాట్లాడేది తెలుగే. ప్రార్థన కోసం హీబ్రూ నేర్చుకొంటారు. ఐగుప్తు దాస్యం నుంచి బయటపడిన రాత్రిని తలచుకొనే పస్కా పండుగ చేసుకొంటారు. ఆ పండుగలో ఒక పాత ఆచారం ఉంది. భోజనం దగ్గర కూర్చున్నవారిలో అందరికన్నా చిన్నపిల్ల గాని, చిన్నపిల్లవాడు గాని ముందుగా ప్రశ్నలు అడగాలి. ఈ రాత్రి మిగతా రాత్రులకంటె ఎందుకు వేరుగా ఉన్నదని. ఆ ప్రశ్న వచ్చిన తరువాతే పెద్దలు కథ మొదలుపెడతారు.